కోళ్ళగూటి పక్కన బోర్డు

పై గది ఆంటీ పోయిందని లిమరిక్ నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్లో ట్రాలీ తోసుకుంటూ ఉన్నాను. ఎప్పుడు, ఎలా అని నేనడిగిన రెండు ప్రశ్నలకీ ఆ చెల్లెలు ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో ఒక మాట అంది. పొద్దున లేచాక ఎట్లా ఉందే అని అడిగితే కూడా గ్రాండ్ అనే చెప్పిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఐర్లండ్‌లో బాగున్నాను, ఫర్వాలేదు, వద్దులే, ఇంక ఆ సంగతి వదిలెయ్ అనే వాటన్నిటికీ కలిపి ఒకటే మాట, గ్రాండ్. పద్దెనిమిదేళ్ళు ఈ దేశంలో ఉండి ఆవిడ ఒంటబట్టించుకున్న ఐరిష్ వాళ్ళ గుణం అదొక్కటే. పోయేరోజు పొద్దున కూడా దాన్ని వదల్లేదు.

పేరు రాయను. రాస్తే ఆవిడే ఒప్పుకోదు. ఆవిడ వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నర్సు, తాను చూసుకునే పెద్దవాళ్ళ పేర్లు ఇంట్లో ఎప్పుడూ ఎత్తేది కాదు. నాలుగో గది పెద్దాయన ఈ రోజు జెల్లీ తిన్నాడు, తొమ్మిదో గది ఆవిడ నన్ను తిట్టింది, ఇంతే. అందుకే నాకూ ఆవిడ పై గది ఆంటీయే. బోమాంట్‌లో, పెద్దాసుపత్రికి పది నిమిషాల నడక దూరంలో ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పై గది ఆవిడది, కింది గది నాది, వంటగది ఇద్దరిదీ. ఆవిడది తెనాలి వైపు, అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. నాది కరీంనగర్, అప్పటికి ముప్పై. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళేముందు అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఉద్యోగం లేకపోయినా అదే పని చేస్తావని మా అమ్మ అంటుంది. నేను కాదనను.

పొట్టి మనిషి. నడిస్తే మెట్లన్నీ మోగేవి. గుండె దగ్గర తలకిందులుగా వేలాడే చిన్న గడియారం ఒకటి పిన్నుతో పెట్టుకునేది. నర్సులు చేతికి వాచీ పెట్టుకోకూడదు గనక డ్యూటీలో అలా పెట్టుకుంటారు. ఈవిడ సెలవు రోజున నైటీ మీద కూడా పెట్టుకునేది. పొయ్యి మీద అన్నం పెట్టి ఆ గడియారం ఎత్తి చూసేది. నేను ఫోన్లో మా అమ్మతో పోట్లాట మొదలుపెట్టినా ఎత్తి చూసేది, ముగిశాక ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పేది. చేతులు కడుక్కునేటప్పుడు మాటల్లేకుండా ఏదో రాగం తీసేది. అది చర్చి పాటో, చిన్నప్పటి పాటో నేనెప్పుడూ అడగలేదు.

బీఫ్ వండే గిన్నె పిడికి ఎర్ర దారం కట్టుకుంది. నేను అడగలేదు. ఇంట్లో చేరిన మొదటి వారంలో గిన్నెల వైపు నేనొక చూపు చూశాను, దాన్ని ఆవిడ కనిపెట్టింది, మర్నాటికి దారం కట్టి ఉంది. ఆ విషయం ఆ తరవాత ఇద్దరం ఎత్తలేదు. ఆ చూపుకి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇక ఆవిడ హ్యాండోవర్. ఆస్పత్రిలో డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు ఎక్కే నర్సుకి ప్రతి మంచం గురించీ చెప్పి అప్పగిస్తుంది కదా, దాని పేరది. ఆవిడకి ప్రపంచంలో ప్రతి పనీ అలా అప్పగించవలసిందే. డ్యూటీకి బయల్దేరుతూ వంటగది గుమ్మంలో నిలబడేది. పప్పు మధ్యాహ్నం ఒకసారి వేడి చేశాననీ, ఇంకొక్కసారి తట్టుకుంటుందనీ, మూడోసారి చేస్తే పారెయ్యాలనీ చెప్పేది. బాయిలర్ ఎన్నింటికి ఆగుతుందో, తిండి చెత్త వేసే బ్రౌన్ బిన్ ఏ రోజు బయట పెట్టాలో చెప్పేది. అన్నీ చెప్పాక కదలదు. నా మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. తీసుకున్నాను అనాలి. ఊఁ అంటే చాలదు, తల ఊపితే చాలదు. తీసుకున్నామన్న మాట వినకుండా దిగిపోతే డ్యూటీ అయినట్టు కాదని ఆవిడ నియమం. నాకు ఒళ్ళు మండేది. లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే "తీస్కున్న ఆంటీ" అని విసిరేసేదాన్ని. అంతమాత్రానికే తృప్తిగా వెళ్ళిపోయేది.

లాక్‌డౌన్ వచ్చింది. రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్నారు, రోడ్ల మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవాళ్ళు. నేను ఇంట్లోనే పని. ఆవిడకి మాత్రం రోజూ నర్సింగ్ హోమ్, అదీ అందరికంటే ముందు ఆ జబ్బు తలుపు తట్టిన చోటు. మొదటి రోజే తనంతట తానే ఇల్లు రెండు ముక్కలు చేసింది. వెనక వరండాలో బూట్లు, బట్టలు సంచిలో, నేరుగా స్నానం, నేరుగా పై గది. వంటగది పొద్దున నాకు, మధ్యాహ్నం మూడు దాటాక ఆవిడకి. ఇద్దరి మధ్య హద్దు కింది నుంచి ఐదో మెట్టు. డ్యూటీకీ వంటకీ తప్ప ఆవిడ ఐదో మెట్టు దిగదు, నేను ఎక్కను. మాస్కు పెట్టుకుని ఆ మెట్టు మీద కూర్చుని మాట్లాడేది. ఆ ఇంట్లో నేను మొత్తం పదమూడు మెట్లూ మోగించే మనిషిని పోగొట్టుకుని ఐదో మెట్టు మనిషితో మిగిలాను.

సాయంత్రాలు నేను ముందు గదిలో టీవీకి వీడియో గేమ్ కన్సోల్ తగిలించి ఒక ఆట ఆడేదాన్ని. ఆ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. అందులో మనకొక చిన్న పొలం ఉంటుంది, కోళ్ళుంటాయి, ఒక ఊరుంటుంది. పొలం పని చేసుకోవచ్చు. విసుగొస్తే కొండ కింద గుహలోకి దిగి కత్తితో భూతాలను నరకొచ్చు. అదీ కాదంటే ఊళ్ళో వాళ్ళింటికి వెళ్ళి కబుర్లు చెప్పి, కానుకలిచ్చి, వాళ్ళ మనసు గెలుచుకోవచ్చు. వ్యవసాయమా, యుద్ధమా, సంసారమా అంటే అన్నీను. పని ఒత్తిడిలో నా బుర్ర నిలవాలంటే ఆ రోజుల్లో నాకదొక్కటే దిక్కు.

ఐదో మెట్టు మీంచి తలుపు సందులో టీవీ కనపడుతుంది. వారం రోజులు ఏమీ అనకుండా చూసింది. ఎనిమిదో రోజున మాట కలిపింది.

"అమ్మాయ్, ఆ కోళ్ళకి నీళ్ళెవరు పెడతారు?"

"గవి బొమ్మ కోళ్ళు ఆంటీ. నీళ్ళు తాగయ్."

"తాగవా?" అని ఊరుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చి, మూడో కోడి దిగులుగా ఉందని చెప్పింది. చుక్కల కోడి, మూలన కూర్చుని ఉంది. నొక్కి చూస్తే నిజంగానే దాని మనసు బాగాలేదని ఆట చెప్పింది. రెండు రోజులుగా దాని గిన్నెలో తిండి పడలేదు, నేను చూసుకోలేదు. తప్పులు పట్టి బతికే నాకు దొరకని తప్పు, మెట్టు మీద కూర్చున్న నర్సుకి దొరికింది. మూలన కూర్చున్న వాళ్ళను చూడడమే తన పని అని, అందులో గొప్పేముందని కొట్టిపారేసింది.

ఆ వారమే ఆవిడ ట్యాబ్లెట్‌లో ఆట ఎక్కించాను. నా పొలంలోనే ఆవిడకో చిన్న ఇల్లు, ఒక బొమ్మ. ఎలాంటి బొమ్మ కావాలో ఎంచుకోమంటే గంటసేపు ఆలోచించి పొట్టిగా, ముడి వేసుకుని ఉన్నదాన్ని తీసుకుంది. గడియారం పెట్టే వీలుందా అని అడిగింది. లేదంటే కాస్త నిరాశ పడింది.

ఆవిడ ఆడే తీరు నేను ఎవరిలోనూ చూడలేదు. పండిన పంటలో మంచివి అమ్మనిచ్చేది కాదు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలి జాలరికి వారం వారం ఉడికించిన గుడ్డు తీసుకెళ్ళేది. ఆయనకి గుడ్లంటే ఇష్టం లేదని ఆట స్పష్టంగా చెబుతోంది, మొహం ముడుచుకుంటున్నాడు కూడా. నేను చూపించాను. అందరూ మొదట అట్లాగే అంటారని, తినకపోయినా ఎవరో వచ్చారని ఉంటుంది కదా అని వాదించింది. ఆ జాలరి గుడ్డుకి ఎన్నడూ మెత్తబడలేదు, ఆవిడ మానలేదు.

గుహలోకి మాత్రం మొదట్లో రానంది. చంపడాలు తనకొద్దంది. ఇంట్లో సాలీడు కనబడితే గ్లాసు బోర్లించి, కింద కాగితం పెట్టి, పెరట్లో వదిలి వచ్చే మనిషి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఆటలోకి వచ్చింది. కోళ్ళ వైపు చూడలేదు. పెట్టెలోంచి నా కత్తి తీసుకుని తిన్నగా గుహలోకి దిగింది. నేను వెనకే పరిగెత్తాను. ఆవిడ ముందు ఒక్క భూతం నిలబడలేదు. పద్నాలుగు అంతస్తులు దిగాం. నా బొమ్మ రెండుసార్లు చచ్చి లేచింది, ఆవిడది ఒక్కసారీ పడలేదు. గుహలోంచి పైకొచ్చాక పై గదిలోంచి ఆవిడ గొంతు వినబడింది.

"అక్కడెవరి మీదా అరవలేం కదమ్మాయ్."

ఆ తరవాత ఆవిడ తిన్నగా గుహలోకి దిగిన రోజున హోమ్‌లో ఏ గది ఖాళీ అయిందో నేను అడిగేదాన్ని కాదు. కత్తి పట్టుకుని వెనకే వెళ్ళేదాన్ని. కోళ్ళ దగ్గరకెళ్ళిన రోజున ఆ పూటకి అందరూ బాగున్నారని అర్థం. ఎలా ఉన్నారు ఆంటీ అని మెట్ల కింద నుంచి అడిగితే రెండు రకాల రోజుల్లోనూ జవాబు గ్రాండే. కాబట్టి అడగడం మానేసి ఆట చూడడం మొదలుపెట్టాను.

హ్యాండోవర్ కూడా ఆటలోకి వచ్చేసింది. ఆ ఆటలో చెక్క బోర్డులు పాతి వాటి మీద రాసుకోవచ్చు. కోళ్ళగూటి పక్కన ఒకటి పాతింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒక్క మాట ఎక్కువ ఉండదు. రెండో కోడి గుడ్డు పెట్టలేదు, చూడు. ఉత్తరం వైపు కంచె విరిగింది. గూటి తలుపు వేశాను. ఆ తలుపు ముఖ్యం, తెరిచి ఉంటే ఆటలో రాత్రి నక్క వస్తుంది. నేను చదివి ఫోన్లో తీస్కున్న అని పంపితే గానీ బోర్డు తుడిచేది కాదు. ఇద్దరం ఆటలో ఉన్నప్పుడు ఒక రోజు గడవాలంటే ఇద్దరి బొమ్మలూ మంచం ఎక్కాలి. నేను తీస్కున్న అనేదాకా ఆవిడ బొమ్మ మంచం ఎక్కదు, కాబట్టి నేను చదవకపోతే తెల్లవారదు.

ఒక సోమవారం ఆవిడకి పరీక్షలో పాజిటివ్ వచ్చింది. పై గది తలుపు మూసుకుంది. ఐదో మెట్టు కూడా లేదిప్పుడు. నేను పళ్ళెం ఐదో మెట్టు మీద పెట్టి కిందకి వచ్చాక తలుపు తెరుచుకునేది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసుకునే క్లిప్ ఆవిడ దగ్గర ఉండాలి కదా అని అడిగాను. హోమ్‌లో పనిచేసే కేరళ పిల్లకి కూడా జబ్బు సోకిందట, ఆ పిల్లకిచ్చేసిందట. నా ఊపిరి సంగతి నాకు తెలీదా అంది. నర్సుల కంటే మొండి రోగులు ఉండరని నేను ఆ వారంలో తెలుసుకున్నాను.

ఒక ఏర్పాటు మాత్రం ఆవిడే చేసింది. రోజూ పొద్దున పదకొండింటికి ఆటలోకి వస్తానంది. వస్తే బతికున్నట్టే, కంగారు పడొద్దంది. నవ్వుతూనే అంది గానీ ఆ రోజు నుంచి నాకు పదకొండు కావడమే ఒక పరీక్ష అయింది. పదిన్నరకే మీటింగులోంచి తప్పుకుని టీవీ ముందు కూర్చునేదాన్ని. పొట్టి బొమ్మ తలుపు తీసుకుని బయటికి వస్తే నా ప్రాణం కుదుటపడేది.

ఆదివారం కూడా సరిగ్గా పదకొండింటికి వచ్చింది. కోళ్ళగూటికి వెళ్ళింది, బోర్డు దగ్గర ఆగింది, తరవాత క్యారెట్ల వరసకి నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది. నేను నా పనులు ముగించి నా బొమ్మను మంచం ఎక్కించాను. ఆటలో పొద్దుగుంకింది. ఆవిడ బొమ్మ మంచం ఎక్కలేదు. చూస్తే అదే వరస, మళ్ళీ నీళ్ళు. చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ మొదటి నుంచి. తడిసిన నేల మీదే ఎనిమిదిసార్లు.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. ఆటలో బగ్ ఉందనుకున్నాను. నా బుద్ధి అది. నెట్ సిగ్నల్ ఆలస్యమై బొమ్మ ఇరుక్కుపోయిందని తేల్చేశాను. ఫోన్‌తో వీడియో తీశాను, ఏ పని తరవాత ఏం జరిగిందో వరసగా రాసుకున్నాను, ఆట తయారుచేసిన వాళ్ళకు పంపుదామని. రౌటర్ ఆపి మళ్ళీ పెట్టాను. నలభై నిమిషాలు. నా తలకి అంత తెలివి ఉండి ఏం లాభం, పైన మనిషి ఉందని దానికి తట్టలేదు.

చివరికి బోర్డు చదివాను.

"కోళ్ళు ఏడు. తిండి పెట్టా. తలుపు వేశానో లేదో గుర్తు లేదు. చూడు."

రెండోసారి చదివాను. పప్పు ఎన్నిసార్లు వేడెక్కిందో గుర్తుండే మనిషి. ఏ బిన్ను ఏ వారం వెళ్ళిందో గుర్తుండే మనిషి. ఆవిడ రాతలో గుర్తు లేదు అన్న మాట నేను అంతకు ముందు చూడలేదు. మెట్లు ఎక్కుతూ ఐదోది ఎప్పుడు దాటానో నాకు తెలీదు. తలుపు కొట్టాను. లోపల్నుంచి తాపీగా, చాలా మర్యాదగా, గ్రాండేనమ్మా అని వినబడింది. ఒక్కరోజు ముందు అయితే ఆ మాట నమ్మి దిగిపోయేదాన్ని. బోర్డు చదివాను గనక నమ్మలేదు. అక్కడే నిలబడి అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. లోపల్నుంచి నన్ను తిట్టింది. ఆ తిట్లలో సగం మాటలు సగంలోనే ఆగిపోతున్నాయి.

ఒంటి నిండా ప్లాస్టిక్ తొడుక్కుని ఇద్దరు వచ్చారు. ఆవిడ వేలికి క్లిప్ పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ తన వేలు తానే తిప్పి అంకె చూసుకుంది. "ఓహో" అంది, అంతే. ఇక వాదించలేదు. ఆక్సిజన్ తగిలించి, చెరో పక్కనా పట్టుకుని మెట్లు దింపుతున్నారు. నన్ను వంటగది గుమ్మంలో నిలబడమన్నారు. ఐదో మెట్టు దగ్గరికి రాగానే ఆవిడ కూర్చుండిపోయింది. మాస్కు చేత్తో ఎత్తింది.

"ఫ్రిజ్‌లో సాంబారు శుక్రవారంది, పారెయ్. బ్రౌన్ బిన్ మంగళవారం." ఊపిరి తీసుకుంది. "నాలుగో గది పెద్దాయన పుట్టినరోజు మంగళవారమే. హోమ్‌కి ఫోన్ చేసి గుర్తు చెయ్. కోళ్ళు ఏడు. తలుపు చూడు."

చెప్పి, అలవాటుగా నా మొహంలోకి చూస్తూ ఆగింది. నేను తల ఊపాను. అంబులెన్స్ ఆయన వంగి, ఇంక వెళ్దాం తల్లీ అని ఇంగ్లీషులో బతిమాలాడు. ఆవిడ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. తిరిగి వస్తుందో రాదో తెలియని మనిషి, గాలి చాలని మనిషి, నా ఒక్క మాట కోసం మెట్టు మీద కూర్చుని ఉంది.

"తీస్కున్న ఆంటీ," అన్నాను.

వెంటనే లేచింది. మాస్కు పెట్టుకుంది, వెళ్ళిపోయింది.

ఆ తరవాత మూడు వారాలు. పెద్దాసుపత్రి మా వీధికి అంత దగ్గర్లో ఉండి కూడా లోపలికి ఎవర్నీ రానివ్వని రోజులు. ఫోన్ చేస్తే వార్డు నర్సు ఓపిగ్గా రెండు ముక్కలు చెప్పేది. నేను సాంబారు పారేశాను, బిన్ను పెట్టాను, నాలుగో గది పెద్దాయన కోసం ఫోన్ చేశాను, కేకు కోశామని చెప్పారు. తలుపు ఒక్కటే మర్చిపోయాను. ఆ ఆదివారం నేను ఆట ఆపకుండానే మెట్లెక్కాను, సాయంత్రం టీవీ ముందుకొచ్చి చూసేసరికి గూట్లో ఆరు కోళ్ళున్నాయి. నక్క ఎత్తుకుపోయింది మూడోదాన్నే.

నేను ఒక చుక్కల కోడిని కొన్నాను. దానికీ మూడోది అనే పేరే పెట్టాను. రోజుకో బోర్డు రాశాను, ఎవరు చదువుతారని కాదు, రాయకపోతే ఆవిడ రాదనిపించింది. గుడ్లెన్ని, పంటేంటి, జాలరికి గుడ్డిచ్చానా లేదా. ప్రతి బోర్డు చివర ఏడూ గ్రాండ్ అని రాశాను. అలా పాతుకుంటూ పోతే గూటి చుట్టూ బోర్డుల కంచె తయారైంది.

ఆవిడ తిరిగి వచ్చింది. సగమైపోయి, కర్ర పట్టుకుని, టాక్సీ దిగి, ఐదో మెట్టు దాకా ఎక్కేసరికి అలిసిపోయి కూర్చుంది. గడియారం ఎత్తి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకుంది. టీ వద్దంది, ట్యాబ్లెట్ తెమ్మంది. బోర్డులన్నీ ఒక్కొక్కటే చదివింది. గూట్లోకి వెళ్ళింది. కోళ్ళ మధ్య చాలాసేపు నిలబడింది.

"మూడోది ఇది కాదే," అంది.

"గదే ఆంటీ. గదే చుక్కల కోడి."

"మనది నన్ను చూస్తే పరిగెత్తుకొచ్చేది."

చెప్పక తప్పలేదు. తలుపు సంగతి, నక్క సంగతి, పనిలో పనిగా బగ్ అనుకున్న నలభై నిమిషాల సంగతి కూడా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. బగ్ దగ్గర మాత్రం నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. తరవాత నెమ్మదిగా అంది.

"హ్యాండోవర్లో అబద్ధం రాయకూడదమ్మాయ్. తరవాత వచ్చేవాళ్ళు ఆ అబద్ధం చూసే మందిస్తారు."

నాకు రోషం వచ్చింది. మరి మీరు గ్రాండ్ అనలేదా, లోపల ఊపిరాడక చస్తూ గ్రాండ్ అనలేదా అని ఒంటికాలి మీద లేచాను. ఆవిడ తడుముకోలేదు.

"అది నోటిమాట. బోర్డు మీద రాశానా?"

రాయలేదు. నిజమే. ఆవిడ నోరు ఎన్ని చెప్పినా, రాత ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాసింది, దాని వల్లే బతికింది. నేను ఆ రోజుతో ఆవిడ మాటలు నమ్మడం మానేసి బోర్డులు నమ్మాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. తెలివైన నిర్ణయమే. నిలబెట్టుకోలేదంతే.

ఊపిరితిత్తులు మళ్ళీ మునుపట్లా కాలేదు. మెట్లు ఎక్కలేకపోయేది, పన్నెండు గంటల డ్యూటీ చెయ్యలేకపోయేది. ఆంక్షలు సడలిన వేసవిలో లిమరిక్ నుంచి చెల్లెలు వచ్చి, మెట్లు లేని ఇల్లు, పక్క గది ఖాళీ, వచ్చెయ్ అంది. సబబైన మాట. నేనూ అదే అన్నాను. అప్పటికి నా పెళ్ళి కుదిరింది, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఇల్లు చూసుకుంటున్నాను, నా తొందరలో నేనున్నాను.

వెళ్ళే రోజు పొద్దున ఆట తెరిచిపెట్టమంది. తెరిచి, నేను ఆవిడ గిన్నెలు కార్లో సర్దుతున్నాను. ఎర్ర దారం గిన్నె పాత టవల్‌లో చుట్టాను. ఆవిడ ఐదో మెట్టు మీద కూర్చుని ట్యాబ్లెట్‌లో ఏదో చేసుకుంటోంది. నీ బొమ్మను కూడా మంచం ఎక్కించు, రోజు గడవనీ అని కేకేసింది. టీవీ వైపు సరిగ్గా చూడకుండానే బటన్ నొక్కాను. కారు ఎక్కేముందు బాగున్నారా ఆంటీ, పోవడం ఇష్టమేనా అని అడిగాను. గ్రాండేనమ్మా అంది. కిటికీ దించి, ఆట చూడు అంది. చూస్తా అన్నాను.

చూడలేదు. ఇల్లు మారాం, పెళ్ళయింది, ఆఫీసు తెరిచారు. కన్సోల్ ఒక ప్రెస్‌లో, అంటే ఇక్కడి వాళ్ళ మాటలో అలమరలో, పై అరలో, వైర్లతో సహా సంచిలో పడుకుంది. మూడేళ్ళలో ఆవిడ నెలకోసారైనా ఫోన్ చేసేది. చెల్లెలి సంగతులు, వాన సంగతులు అయ్యాక, ప్రతిసారీ ఒకటే ప్రశ్న. మన కోళ్ళు ఎట్లా ఉన్నాయి? గ్రాండ్ ఆంటీ అనేదాన్ని. చూశావా? చూసిన. అక్కడ ఫోన్లో కాస్త ఖాళీ ఉండేది. ఆవిడ ఊపిరి వినబడేది. ఊపిరి ఆడక ఆగిందనుకునేదాన్ని. తరవాత సరేనమ్మాయ్ అని పెట్టేసేది.

చెల్లెలి ఫోన్ వచ్చిన రోజు షాపింగ్ సెంటర్ నుంచి ఇంటికొచ్చి ట్రాలీ సరుకులు కూడా సర్దకుండా కుర్చీ ఎక్కి ప్రెస్‌లోంచి ఆ సంచి దింపాను. మా ఆయన ఏమీ అడగకుండా వైర్లు తగిలించాడు. ఆట తెరుచుకుంది. పొలం అలాగే ఉంది, క్యారెట్లు అలాగే ఉన్నాయి. ఈ ఆటలో మనం లేనప్పుడు ఏదీ చావదు, ఏదీ పెరగదు. గూటి చుట్టూ నా పాత బోర్డులు తీసేసి ఉన్నాయి. ఒక్కటే ఉంది, ఆవిడది. ఆవిడ జీవితంలో రాసిన అన్ని హ్యాండోవర్లలోకీ పొడుగైనది.

"కోళ్ళు ఏడు. తిండి పెట్టా. మూడోది ఇప్పుడు నన్ను చూస్తే వస్తంది. తలుపు వేశా, గుర్తుంది. గుహలోకి ఒక్కదానివే పోమాక. నువ్వడిగితే గ్రాండ్ అంటా. కాదు. ఈ ఇల్లు వదిలి పోవటం నాకిష్టం లేదు. ఉండమంటే ఉంటా. తీసుకున్నానని చెప్పు."

ఫోన్లో ఆ ఖాళీ ఏమిటో అప్పుడు తెలిసింది. మూడేళ్ళు ఆవిడ ఐదో మెట్టు మీదే కూర్చుని, నా మొహంలోకి చూస్తూ ఉంది. నేను చూసిన అన్నాను. తీస్కున్న అనలేదు. చదివి కూడా ఉండమనలేదని అనుకుని ఉంటుంది. అలా అనుకునే పోయింది. దీన్ని నేను ఎవరి మీదకీ తొయ్యలేను. మా ఆయన పక్కన కూర్చుని నా భుజం పట్టుకున్నాడు, నేను గట్టిగానే ఏడ్చాను.

అప్పగింత అయ్యాక బోర్డు తుడిచెయ్యాలని ఆవిడ నియమం. ఈ ఒక్కదాన్నీ తుడవను. పక్కనే కొత్త బోర్డు పాతాను. గూటి తలుపు దగ్గరకెళ్ళి చూసి వచ్చాను. నా బొమ్మ చేత్తో నొక్కి కూడా చూశాను. కోళ్ళను రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు రాశాను.

"కోళ్ళు ఏడు. తలుపు వేసే ఉంది, నేనే చూసిన. మూడేండ్లు చూడకుండనే చూసిన్నని చెప్పిన. నేను గ్రాండ్ కాదు. ఉండుండ్రి ఆంటీ. తీస్కున్న."